క్రోక్ పార్క్‌లో ఇంగ్లండ్ జాతీయగీతం మోగిన రోజు: ఐర్లండ్‌లో ఆటనీ రాజకీయాన్నీ విడదీయగలమా?

లిఫీ_శ్రీను

అందరికీ నమస్తే. చాలా రోజుల తర్వాత పోస్ట్ పెడుతున్నాను, కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మేం డబ్లిన్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. మా పాప నిరుటి నుంచి ఇంటి దగ్గరున్న క్లబ్‌లో కామోగీ ఆడుతోంది. కామోగీ అంటే ఆడపిల్లల హర్లింగ్, ఐర్లండ్‌వాళ్ళ పాత కర్రాబంతి ఆట. యాష్ చెట్టు చెక్కతో చేసిన కర్ర, చివర అరచేయంత వెడల్పు, తోలు బంతి మీద కుట్లు గట్టుల్లా పైకి లేచి ఉంటాయి. కర్ర కొనేటప్పుడు కోచ్ దాన్ని పాప పక్కన నిలబెట్టి, పైకొస తుంటి ఎముక దాకా వచ్చిందో లేదో చూసి సైజు చెప్పారు. ఆయనకి పైసా జీతం లేదు, పగలు బస్సు నడుపుతారు. అసలు పెద్ద ఆటగాళ్ళకి కూడా జీతాల్లేవు, 82 వేల మంది ముందు ఫైనల్ ఆడినవాడు ఆ వారంలోనే బడికి పోయి పిల్లలకి పాఠం చెబుతాడు.

మొన్న వేసవిలో మా మావయ్యగారు తెనాలి నుంచి వస్తే ఈ ఆటల పెద్ద స్టేడియం క్రోక్ పార్క్ చూపించడానికి తీసుకెళ్ళాను. అక్కడ ఒక పెద్ద స్టాండ్ పేరు హోగన్ స్టాండ్. ఆయన ఆ పేరు చూసి, ఎవరీ హోగన్, ఎన్ని గోల్స్ కొట్టాడు అని అడిగారు. గోల్స్ కొట్టినందుకు కాదు మావయ్యా, ఇక్కడ ఆడుతుంటే కాల్చి చంపారు అన్నాను. ఆయన అలాగే మెట్ల మీద కూర్చుండిపోయారు.

1920 నవంబర్ 21, ఆదివారం. ఆ పొద్దున్నే ఐరిష్ స్వాతంత్ర్య పోరాట నాయకుడు మైఖేల్ కాలిన్స్ మనుషులు డబ్లిన్‌లో బ్రిటిష్ గూఢచారులని అనుమానించిన వాళ్ళ గదుల్లోకి వెళ్ళి కాల్చారు. మధ్యాహ్నం క్రోక్ పార్క్‌లో డబ్లిన్, టిప్పరరీ జట్ల మధ్య గేలిక్ ఫుట్‌బాల్, అంటే ఐరిష్‌వాళ్ళ సొంత ఫుట్‌బాల్, మ్యాచ్. ఆట మొదలైన కాసేపటికే పోలీసులు, బ్రిటిష్ సహాయక బలగాలు లోపలికొచ్చి కాల్పులు మొదలుపెట్టాయి. దాదాపు తొంభై సెకన్లు. పద్నాలుగు మంది పోయారు. టిప్పరరీ డిఫెండర్ మైఖేల్ హోగన్ పచ్చిక మీదే ప్రాణం వదిలాడు. చనిపోయినవాళ్ళలో పదేళ్ళ జెరోమ్ ఓలియరీ ఉన్నాడు, పదకొండేళ్ళ విలియం రాబిన్సన్ ఉన్నాడు. జేన్ బోయిల్ అనే అమ్మాయి కాబోయే భర్తతో కలిసి మ్యాచ్ చూడ్డానికొచ్చింది, ఇంకో ఐదు రోజుల్లో పెళ్ళి. పెళ్ళి బట్టల్లోనే పూడ్చారు.

ఇప్పుడు నా ప్రశ్న. మనం చిన్నప్పటి నుంచీ ఆటలోకి రాజకీయం తేకూడదు అనే మాట వింటూ పెరిగాం, నేనూ అదే నమ్మాను. ఇక్కడ ఆ మాటకి అర్థం ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతపేజీలు

శ్రీను గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. నా ఉద్దేశంలో ఐర్లండ్‌లో రాజకీయం ఆటలోకి ఎవరో తెచ్చింది కాదు, ఆటని ఒక పద్ధతిలో పెట్టిన రోజే అది అందులో ఉంది.

గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్, అంటే జీఏఏ, 1884 నవంబర్ 1న టిప్పరరీలోని థర్లెస్ ఊళ్ళో ఒక హోటల్‌లో పుట్టింది. మైఖేల్ కుసాక్ అనే బడిపంతులు, మారిస్ డేవిన్ అనే పేరున్న అథ్లెట్ ముందు నిలబడ్డారు. అప్పటికి ఊళ్ళలో క్రికెట్ బాగా ఆడుతున్నారు, కుసాక్ కూడా క్రికెట్, రగ్బీ ఆడినవాడే. ఆటల పోటీలు పెట్టేదీ నియమాలు రాసేదీ ఇంగ్లిష్ అలవాటున్న క్లబ్బులు, చాలా చోట్ల కూలివాడిని రానిచ్చేవారు కాదు. భాష పోతోంది, పాత ఆటలు పోతున్నాయి, కరువు తర్వాత సగం ఊళ్ళు ఓడలెక్కి వెళ్ళిపోయాయి. ఆ పరిస్థితిలో మన ఆటలు మనమే ఆడుకుందాం అనడమే రాజకీయం. పోషకులుగా ఎవరిని పిలిచారో చూడండి, స్వయంపాలన ఉద్యమ నాయకుడు పార్నెల్, భూమి పోరాటం నడిపిన మైఖేల్ డేవిట్, ఆర్చ్‌బిషప్ క్రోక్. ఇక వెనక నుంచి సాయుధ తిరుగుబాటు కోరే రహస్య సంఘం ఐఆర్‌బీ వాళ్ళు మొదటి నుంచీ సంఘంలోకి చేరారు.

1891లో పార్నెల్ పోతే అంత్యక్రియల ఊరేగింపులో దాదాపు రెండు వేల మంది జీఏఏ కుర్రాళ్ళు నల్లగుడ్డ చుట్టిన హర్లింగ్ కర్రలు పట్టుకుని నడిచారు. తర్వాత 1910ల్లో ఐరిష్ వాలంటీర్లు అనే జాతీయవాద దళం వాళ్ళు కవాతు నేర్చుకునేటప్పుడు తుపాకుల్లేకపోతే అవే కర్రలు భుజాన పెట్టుకున్నారు. మీ పాప చేతిలో ఉన్న కర్రకి అంత చరిత్ర ఉంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1918. ఆటలు ఆడాలంటే పర్మిట్ తీసుకోవాలని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుబట్టింది. జీఏఏ ఒక్క పర్మిట్ కూడా అడగం అంది. ఆగస్టు 4, ఆదివారం మధ్యాహ్నం 3 గంటలకి దేశమంతా ఒకేసారి వందల మైదానాల్లో ఆట మొదలుపెట్టారు. ఎంతమందిని అరెస్టు చేస్తారు? ఆడుకోవడమే శాసనోల్లంఘన అయిన రోజు అది. గేలిక్ ఆదివారం అంటారు. మన ఉప్పు సత్యాగ్రహానికి పన్నెండేళ్ళ ముందు.

అనూష_వరంగల్

చదువుతుంటే ఒళ్ళు జలదరించింది, కానీ ఒక మాట అడగాలి. మన ఆటలు మనం ఆడుకుందాం అనడం వేరు, ఇంకో ఆట ఆడితే నువ్వు మనవాడివి కాదు అనడం వేరు కదా. జీఏఏ సాకర్, రగ్బీ, క్రికెట్ ఆడినవాళ్ళని సభ్యత్వం నుంచి తీసేసేదని ఎక్కడో విన్నాను. అది నిజమైతే దాన్ని కూడా పోరాటం అనే అంటారా?

పాతపేజీలు

నిజమే అనూష గారూ. 27వ నియమం. పరాయి ఆటలు ఆడకూడదు, చూడకూడదు కూడా. పొరుగు మైదానంలో రగ్బీ చూస్తున్నవాళ్ళలో మనవాళ్ళున్నారా అని కనిపెట్టడానికి కమిటీలు వేసి మనుషుల్ని పంపేవాళ్ళు. 1938లో జరిగింది వినండి. డగ్లస్ హైడ్ దేశానికి మొదటి అధ్యక్షుడు. ఐరిష్ భాషని బతికించడానికి జీవితం ధారపోసినవాడు, పుట్టుకతో ప్రొటెస్టెంట్, జీఏఏకి స్వయానా పోషకుడు. అధ్యక్షుడి హోదాలో డాలీమౌంట్ పార్క్‌లో పోలండ్‌తో సాకర్ మ్యాచ్‌కి వెళ్ళి కూర్చున్నాడు. దానికి పోషకుడి పదవి నుంచి తీసేశారు. నా దృష్టిలో అది సిగ్గుపడాల్సిన పని. ఆ మనిషి కన్నా ఎక్కువ ఐరిష్ ఎవరున్నారు?

ఆ నియమం 1971 దాకా ఉంది. తీసేసిన మహాసభ జరిగింది బెల్‌ఫాస్ట్‌లో. ఊరూరా క్లబ్బుల్లో చర్చించి, కౌంటీల వారీగా తీర్మానాలు చేసి తీసేశారు. పైనుంచి ఎవరో ఆర్డర్ ఇస్తే పోయింది కాదు.

రవి_పాలమూరు

అన్నా, క్రోక్ పార్క్‌లో హిల్ 16 అని నిలబడి చూసే గట్టు ఉంది కదా, బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన తిరుగుబాటులో కూలిన డబ్లిన్ భవనాల రాళ్ళతో కట్టారంట దాన్ని. ఆట చూసేవాడి కాళ్ళ కింద తిరుగుబాటు ఉన్నట్టే కదా!

పాతపేజీలు

రవీ, అందరూ అలాగే చెబుతారు, కానీ అది కట్టుకథ. గట్టు 1915లోనే ఉంది. అప్పట్లో దాని పేరు హిల్ 60, మొదటి ప్రపంచ యుద్ధంలో గలిపోలీ దగ్గర ఐరిష్ సైనికులు బ్రిటిష్ యూనిఫాంలో పోరాడిన గుట్ట పేరు. తర్వాత 1930ల్లో ఆ పేరు నచ్చక 16 అని మార్చారు. నాకు కట్టుకథ కన్నా ఈ నిజమే ఎక్కువ చెబుతుంది. బ్రిటిష్ సైన్యంలో చచ్చిపోయిన ఐరిష్ కుర్రాళ్ళ జ్ఞాపకం మీద ఇంకో జ్ఞాపకాన్ని రాసుకున్నారు. ఆ కుర్రాళ్ళ ఇళ్ళల్లో చాలాకాలం ఎవరూ వాళ్ళ గురించి గట్టిగా మాట్లాడుకోలేదు.

బెల్‌ఫాస్ట్_నర్సు

ఇన్ని రోజులూ చదివి ఊరుకుంటున్నాను, ఈసారి రాయకుండా ఉండలేకపోతున్నాను. బెల్‌ఫాస్ట్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మీరందరూ రాస్తున్నది దక్షిణాది కథ. 1921లో దేశం ముక్కలై ఈ ఉత్తరాది ఆరు కౌంటీలు బ్రిటన్ కిందే ఉండిపోయాక ఆ కథ డబ్లిన్‌లో పుస్తకాల్లోకి వెళ్ళిపోయింది, ఇక్కడ ఉత్తరాన మాత్రం వీధిలోనే ఉండిపోయింది. ఇక్కడ క్యాథలిక్‌లు ఎక్కువగా ఐర్లండ్ వైపు, ప్రొటెస్టెంట్లు ఎక్కువగా బ్రిటన్ వైపు.

అనూషా, నువ్వడిగిన ప్రశ్న ఇక్కడ ఇంకా కష్టం. 27 కాకుండా 21వ నియమం అని ఉండేది, బ్రిటిష్ సైన్యంలో గానీ ఇక్కడి పోలీసుల్లో గానీ ఉన్నవాడు జీఏఏలో చేరకూడదు. బయటివాళ్ళకి అది మూర్ఖత్వంలా కనిపిస్తుంది. కానీ క్రాస్‌మగ్లెన్ ఊళ్ళో క్లబ్ గ్రౌండ్‌లో కొంత సైన్యం 1970ల్లో తీసుకుంది, గోడ పక్కనే స్థావరం, పిల్లలు ఆడుతుంటే నెత్తిమీద హెలికాప్టర్లు. ఏళ్ళ తరబడి. ఆ క్లబ్ దేశంలోనే పేరున్న టీమ్‌గా ఎదిగిందీ ఆ హెలికాప్టర్ల కిందే. 1988 ఫిబ్రవరి 21న ఎయిడన్ మెకనెస్పీ అనే కుర్రాడు ఆక్నక్లోయ్ చెక్‌పోస్ట్ దాటి గేలిక్ మ్యాచ్‌కి నడిచి వెళ్తుంటే సైనికుడి మెషిన్‌గన్ తూటా తగిలి పోయాడు. తూటా పొరపాటున పేలిందన్నారు. ఆ సైనికుడి మీద నేరం రుజువైంది 2022లో, ముప్ఫై నాలుగేళ్ళ తర్వాత, అదీ జైలుకి పోకుండా శిక్ష నిలిపేశారు. 1997 మేలో బెలాహీ క్లబ్ ఛైర్మన్ షాన్ బ్రౌన్ రాత్రి క్లబ్ గేటుకి తాళం వేస్తుంటే బ్రిటన్ పక్షాన ఉండే లాయలిస్టు ముఠా ఎత్తుకెళ్ళి చంపింది. ఆయన చేసిన తప్పు ఆ తాళం చెవులు తన దగ్గరుండటమే. ఆ కుటుంబం ఇప్పటికీ బహిరంగ విచారణ కోసం తిరుగుతూనే ఉంది.

2001లో 21వ నియమం ఎత్తేసినప్పుడు ఉత్తరాది ఆరు కౌంటీల్లో ఒక్క డౌన్ తప్ప మిగతా ఐదూ వద్దన్నాయి. దక్షిణాది పెద్ద మనసు చూపించిందని పేపర్లు రాశాయి. పెద్ద మనసు మంచిదే, నేనూ ఆ నియమం పోవాలనే అంటాను. కానీ దాని ఖరీదు కట్టినవాళ్ళెవరు? చెక్‌పోస్ట్‌లో ఆట సంచీ విప్పి కర్రలు రోడ్డు మీద పరిచి చూపించినవాళ్ళు. వాళ్ళు తటపటాయిస్తే మనం తప్పుపట్టకూడదు. నియమం పోయిన మరుసటి ఏడాదే కొత్త పోలీసు శాఖ తన గేలిక్ జట్టు పెట్టుకుంది, అది కూడా చెప్పాలి.

ఇంకోవైపు కూడా చెబుతాను, లేకపోతే అన్యాయం. నాతో పనిచేసే ప్రొటెస్టెంట్ సిస్టర్ ఒకావిడ, చాలా మంచి మనిషి, జీఏఏ గ్రౌండ్‌లోకి జీవితంలో అడుగు పెట్టలేదు. ఎందుకక్కా అంటే, గేటు మీద పేరే నాకు రావద్దని చెబుతుంది అంది. బెల్‌ఫాస్ట్‌లో పెద్ద గ్రౌండ్‌కి కేస్‌మెంట్ పేరు, తిరుగుబాటుకి సాయం చేశాడని 1916లో బ్రిటిష్‌వాళ్ళు ఉరితీసిన మనిషి. ప్రతి పెద్ద మ్యాచ్‌కీ ఐర్లండ్ త్రివర్ణ జెండా, ఐరిష్‌లో జాతీయగీతం. డెర్రీ జిల్లా డన్‌గివెన్‌లో హర్లింగ్ క్లబ్‌కి కెవిన్ లించ్ పేరు పెట్టారు. ఆ కుర్రాడు 1972లో డెర్రీ అండర్-16 టీమ్‌కి కెప్టెన్‌గా ఆలిండియా, క్షమించండి, ఆల్-ఐర్లండ్ కప్ గెలిచాడు. తొమ్మిదేళ్ళ తర్వాత జైల్లో 71 రోజులు నిరాహార దీక్ష చేసి, 25 ఏళ్ళకి చనిపోయాడు. ఆ ఊరికి వాడు తమ కెప్టెన్. మా సిస్టర్‌కి వాడు ఐఎన్‌ఎల్‌ఏ అనే సాయుధ ముఠా మనిషి. రెండూ నిజాలే, ఒక్క మనిషి గురించే.

రవి_పాలమూరు

అక్కా, చదివి చాలాసేపు ఏం రాయలేకపోయాను. హిల్ 16 సంగతి సరిదిద్దినందుకు థాంక్స్ అన్నా.

1981 దీక్షల గురించి నాకు తెలిసింది చెబుతా. పదిమంది చనిపోయారు. మొదటివాడు బ్రిటిష్ పాలన మీద సాయుధంగా పోరాడిన ఐఆర్‌ఏ ఖైదీ బాబీ సాండ్స్, 66 రోజులు, మే 5, వయసు 27. దీక్షలో ఉండగానే ఏప్రిల్‌లో బ్రిటిష్ పార్లమెంటుకి ఎంపీగా గెలిచాడు. మన రాజ్యసభలో ప్రతిపక్ష సభ్యులు లేచి నిలబడి ఒక నిమిషం మౌనం పాటించారు. కానీ ఈ చర్చలో చెప్పాల్సింది ఇంకోటి. సాండ్స్ కుర్రతనంలో స్టెల్లా మారిస్ అనే సాకర్ టీమ్‌కి ఆడేవాడు, క్యాథలిక్ పిల్లలూ ప్రొటెస్టెంట్ పిల్లలూ కలిసి ఆడిన టీమ్ అది. జీఏఏ కాదు, పరాయి ఆట అన్నారే, ఆ ఆట. 1972లో ఆ కుటుంబాన్ని బెదిరించి రాత్‌కూల్ కాలనీ నుంచి వెళ్ళగొట్టారు. ఒకే టీమ్‌లో ఆడిన పిల్లలు ఆ గొడవల్లో ఎటువాళ్ళు అటు అయిపోయారు.

కాకినాడ_మాస్టారు

బాబూ రవీ, దీక్ష అనగానే గుర్తొచ్చింది. 1920లో కార్క్ నగర మేయర్ టెరెన్స్ మెక్‌స్వీనీ లండన్ బ్రిక్స్‌టన్ జైల్లో 74 రోజుల నిరాహార దీక్ష చేసి పోయారు. 1929లో లాహోర్ జైల్లో జతిన్ దాస్ 63 రోజుల దీక్షలో పోయినప్పుడు మెక్‌స్వీనీ కుటుంబం నుంచి సంతాపం తెలుపుతూ తంతి వచ్చింది. ఆ రోజుల్లో రెండు దేశాలూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండేవి.

మనవాళ్ళకి నేరుగా సంబంధం కూడా ఉంది, చాలామందికి తెలియదు. వి.వి.గిరి గారు, మన మాజీ రాష్ట్రపతి. బరంపురంలో తెలుగు ఇంట్లో పుట్టారు, 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. అక్కడి జాతీయవాదులతో కలిసి తిరిగారు. 1916 తిరుగుబాటు తర్వాత దేశం విడిచి పొమ్మని ఉత్తర్వు చేతిలో పెట్టారు. ఆ అనుభవమే తర్వాత ఆయన్ని కార్మిక ఉద్యమంలోకి నడిపించిందని నేను క్లాసులో చెప్పేవాణ్ణి. శ్రీనుగారూ, మీరు తిరుగుతున్న ఆ వీధుల్లోనే ఆయన తిరిగారు.

బంతి_బ్యాటు

నేను క్రికెట్ వైపు నుంచి వస్తున్నా. 2011 మార్చి 2, బెంగళూరు చిన్నస్వామి స్టేడియం, ఇంగ్లండ్ 327 కొట్టింది, ఐర్లండ్ 111కి ఐదు వికెట్లు, కెవిన్ ఓబ్రయన్ 50 బంతుల్లో సెంచరీ. ఆ మ్యాచ్ మర్చిపోయినవాడు క్రికెట్ చూడలేదన్నట్టే. అప్పుడు నేను గమనించిన సంగతి ఏంటంటే ఆ జట్టుకి జాతీయ జెండా లేదు, జాతీయగీతం లేదు. ఎందుకంటే ఐర్లండ్ క్రికెట్ టీమ్, రగ్బీ టీమ్ రెండూ మొత్తం ద్వీపానివి, ఉత్తరం దక్షిణం కలిపి. రగ్బీకి 1995 నుంచి ఎవరి మనసూ నొప్పించకుండా వేరే పాట రాయించుకున్నారు. దేశం విడిపోయింది గానీ ఈ ఆటలు విడిపోలేదు.

సాకర్ మాత్రం విడిపోయింది. 1921లో డబ్లిన్‌వాళ్ళు బెల్‌ఫాస్ట్ సంఘం నుంచి బయటికొచ్చేశారు. రెండు జట్లు. దాని నొప్పి ఇప్పటికీ ఉంది. నీల్ లెనన్ ఉత్తర ఐర్లండ్ ఆటగాడు, క్యాథలిక్. క్యాథలిక్‌ల క్లబ్‌గా పేరున్న గ్లాస్గో సెల్టిక్‌లో చేరాక సొంత ప్రేక్షకులే గోల చేసి తిట్టారు. 2002 ఆగస్టులో సైప్రస్ మ్యాచ్‌కి కెప్టెన్‌గా దిగాల్సిన రోజు, చంపుతామని ఫోన్ వచ్చింది. ఆడలేదు, ఇంక ఎప్పుడూ ఆ జెర్సీ వేసుకోలేదు. సొంత జట్టు కెప్టెన్‌ని!

జేమ్స్ మెక్లీన్ సంగతి ఇంకోరకం. డెర్రీలోని క్రెగ్గన్ కుర్రాడు, ఇంగ్లండ్‌లో లీగ్ ఆడుతూ నవంబర్‌లో చొక్కా మీద ఎర్రపువ్వు పెట్టుకోనన్నాడు, పాపీ అంటారు, బ్రిటిష్ సైనికుల సంస్మరణ గుర్తు. 1972 జనవరి 30న డెర్రీలో పౌరహక్కుల ఊరేగింపు మీద సైన్యం కాల్చిన రోజు చనిపోయినవాళ్ళలో ఆరుగురు క్రెగ్గన్‌వాళ్ళే. 2014లో తన క్లబ్ ఛైర్మన్‌కి ఉత్తరం రాశాడు, రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయినవాళ్ళ కోసమే అయితే రోజూ పెట్టుకుంటాను, కానీ ఆ పువ్వు అన్ని యుద్ధాల సైనికులకీ, మా ఊరికి వచ్చినవాళ్ళకి కూడా, అందుకే పెట్టుకోను అని. ఏళ్ళ తరబడి ప్రతి గ్రౌండ్‌లో వెక్కిరింపులు తిన్నాడు. నాకు ఆ మనిషి మీద గౌరవం. ఊరికే నోరు పారేసుకోవడం కాదు, ఉత్తరం రాసి కారణం చెప్పాడు.

అనూష_వరంగల్

మెక్లీన్ మీద నాకూ గౌరవమే. కానీ 2022 అక్టోబర్‌లో ఐర్లండ్ ఆడపిల్లల సాకర్ టీమ్ స్కాట్లండ్‌ని ఓడించి మొదటిసారి వరల్డ్ కప్‌కి అర్హత సాధించిన రాత్రి డ్రెస్సింగ్ రూమ్‌లో ఐఆర్‌ఏని పొగిడే నినాదం పాడారు కదా, వీడియో బయటికొచ్చింది, యూరప్ సాకర్ సంఘం యూఈఎఫ్‌ఏ 20,000 యూరోల జరిమానా వేసింది. అందరూ క్షమాపణ చెప్పారు. సగం మంది ఉత్తరాది గొడవలు ముగిసే నాటికి పసిపిల్లలు. పాటలో పదాలుగా తెలుసు తప్ప ఏం జరిగిందో తెలియదు. ఇది నిరసనా, జ్ఞాపకమా, ఉత్త అలవాటా? నాకైతే అలవాటు అనిపించింది, బాధేసింది. అంతకు నాలుగు రోజుల ముందే డొనెగల్‌లో క్రీస్లౌ ఊళ్ళో పేలుడులో పదిమంది పోయారు, గెలుపు గోల్ కొట్టిన అంబర్ బారెట్ ఆ జిల్లా అమ్మాయి, గోల్ కొట్టి చేతికున్న నల్లపట్టీ చూపించింది. ఆ రాత్రి గుర్తుండాల్సింది అది.

బెల్‌ఫాస్ట్_నర్సు

అనూషా, నీ మాటకి పూర్తిగా ఒప్పుకుంటాను. ఆ వారం మా వార్డులో, గొడవల రోజుల్లో బాంబు దాడిలో తన మనిషిని పోగొట్టుకున్న ఒక పెద్దావిడ ఉంది. టీవీలో వార్త వస్తే నన్ను సౌండ్ తగ్గించమంది, అంతే, ఇంకేం అనలేదు. ఆ అమ్మాయిల్లో ఎవరికీ ఆవిణ్ణి బాధపెట్టాలని లేదు, నాకు తెలుసు. కానీ బాధ పడింది.

ఒక మంచి సంగతి కూడా చెప్పి ఆపుతాను. 2020లో తూర్పు బెల్‌ఫాస్ట్‌లో, అంటే ఎక్కువగా ప్రొటెస్టెంట్లుండే వైపు, కొత్త జీఏఏ క్లబ్ పెట్టారు. ఎవరి పేరూ పెట్టలేదు, ఉత్త ఈస్ట్ బెల్‌ఫాస్ట్. గుర్తు మీద కలిసి అనే మాట ఇంగ్లిష్, ఐరిష్, అల్స్టర్ స్కాట్స్ మూడు భాషల్లోనూ రాసుకున్నారు. బెదిరింపులు రాకపోలేదు. అయినా ఆడుతున్నారు. మా సిస్టర్ మేనకోడలు అక్కడ చేరింది. సిస్టర్ ఇంకా మ్యాచ్‌కి వెళ్ళలేదు, కానీ పిల్ల కర్ర ఇంట్లో తలుపు పక్కన ఉంటుందని చెప్పింది.

పాతపేజీలు

మధ్యలో ఒకటి మర్చిపోయాను, పెట్టకపోతే నిద్రపట్టదు. 1906 ఏథెన్స్ క్రీడలు. పీటర్ ఓకానర్, లాంగ్‌జంప్‌లో 1901లో పెట్టిన ప్రపంచ రికార్డు ఇరవై ఏళ్ళు నిలిచినవాడు. ఐర్లండ్ తరఫున వచ్చానన్నాడు, కాదు నువ్వు బ్రిటన్ లెక్క అన్నారు. రజతం గెలిచాడు. తన గెలుపుకి బ్రిటిష్ జెండా ఎగరేస్తే ఊరుకోలేక జెండా కర్ర ఎక్కి, పచ్చజెండా ఊపాడు. కింద సాటి ఐరిష్ అథ్లెట్ కాన్ లీహీ కాపలా. 1968లో మెక్సికోలో అమెరికా నల్లజాతి అథ్లెట్లు పిడికిలి ఎత్తడం అందరికీ తెలుసు, దానికి అరవై రెండేళ్ళ ముందు ఒక మనిషి తన దేశం పేరు కోసం స్తంభం ఎక్కాడు.

లిఫీ_శ్రీను

ఇన్ని చెప్పినందుకు అందరికీ చాలా థాంక్స్. మాస్టారూ, గిరి గారి సంగతి నిజంగా తెలియదు, మావయ్యగారికి పంపాను.

పోస్ట్ పేరులో పెట్టిన 2007 గురించి ఎవరూ అడగలేదు, నేనే చెబుతాను. రగ్బీ స్టేడియం కూల్చి కొత్తది కడుతున్నారు, ఆడ్డానికి చోటు లేదు. క్రోక్ పార్క్‌లో పరాయి ఆటలు ఆడనివ్వకూడదన్న నియమం 42 అడ్డం. 2005 ఏప్రిల్‌లో జీఏఏ మహాసభలో ఓటు పెట్టారు, 227 మంది సరే, 97 మంది వద్దు. అలా 2007 ఫిబ్రవరి 24న ఇంగ్లండ్ రగ్బీ టీమ్ ఆ మైదానంలోకి వచ్చింది. హోగన్ చనిపోయిన పచ్చిక మీద బ్రిటిష్ రాణిగారి గీతం మోగాలి. బయట కొంతమంది నిరసన తెలిపారు. లోపల ఏమవుతుందోనని దేశమంతా టెన్షన్.

మా కోచ్ ఆ రోజు పైవరసలో ఉన్నారట. వాళ్ళ తాతగారు బతికుంటే రానిచ్చేవారు కాదన్నారు. పాట మొదలైంది. ఎనభై వేల మంది, ఒక్క ఈల లేదు, ఒక్క కేక లేదు. చివరిదాకా నిశ్శబ్దంగా నిలబడి, అయిపోయాక చప్పట్లు కొట్టారు. తర్వాత ఐర్లండ్ గీతాలు పాడుతుంటే జాన్ హేస్ అనే కొండంత మనిషి కన్నీళ్ళు కార్చుకుంటూ పాడటం టీవీలో అందరూ చూశారు. ఐర్లండ్ 43, ఇంగ్లండ్ 13. స్కోరు నాకు గుర్తే లేదు, ఆ నిశ్శబ్దమే గుర్తుందన్నారు కోచ్. నాలుగేళ్ళ తర్వాత 2011 మేలో రాణి ఎలిజబెత్ స్వయంగా క్రోక్ పార్క్‌కి వచ్చారు.

నర్సక్కా, మీ మాట తర్వాత దాన్ని నేను పెద్ద మనసు అనను. బలవంతంగా మోగించిన పాటకి ఎవరూ అలా నిలబడరు. తలుపు తమదే, తాళం తమదే, తామే ఓటేసి తీశారు కాబట్టి నిలబడగలిగారు అని నాకు అనిపిస్తోంది. మెక్లీన్ పువ్వు పెట్టుకోననడం కూడా అదే హక్కు. నేను మొదట అడిగిన ప్రశ్న నాకే తప్పుగా కనిపిస్తోంది ఇప్పుడు.

కాకినాడ_మాస్టారు

శ్రీనుగారూ, హోగన్ గురించి ఇంకొంచెం చెప్పండి. ఆ పోయినవాళ్ళ జ్ఞాపకంగా ఏమైనా చేస్తారా?

లిఫీ_శ్రీను

చేస్తారు మాస్టారూ. 2020లో వందేళ్ళు నిండాయి. కోవిడ్ వల్ల స్టేడియం ఖాళీ, చీకట్లో పద్నాలుగు దివ్వెలు వెలిగించి ఒక్కో పేరూ చదివారు. ఆ మర్నాడే టిప్పరరీ జట్టు, 1920 నాటి ఆకుపచ్చ తెలుపు జెర్సీలు వేసుకుని ఆడి, కార్క్‌ని ఓడించి 1935 తర్వాత మొదటిసారి మన్‌స్టర్ ప్రాంతానికి ఛాంపియన్ అయింది. అదే రోజు కావన్ అల్స్టర్ ప్రాంతంలో గెలిచింది. దాంతో ఆ ఏడాది సెమీస్‌కి చేరిన నాలుగు జట్లు డబ్లిన్, మేయో, కావన్, టిప్పరరీ. 1920లో ఐర్లండ్ నాలుగు ప్రాంతాల ఛాంపియన్లు కూడా సరిగ్గా అవే. ఎవరూ రాసి పెట్టుకున్నది కాదు.

నిన్న మావయ్యగారికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆయనకి ఒకటే అనుమానం, ఆ ఆగిపోయిన ఆట సంగతేంటి అని. అది స్నేహపూర్వక మ్యాచ్, దాన్ని మళ్ళీ ఆడలేదు, కానీ 1920 ఛాంపియన్‌షిప్ ఫైనల్ యుద్ధం వల్ల వాయిదా పడి 1922 జూన్ 11న జరిగింది, అదే మైదానంలో, అవే రెండు జట్లు అన్నాను. స్కోరెంత అన్నారు. డబ్లిన్ ఒక గోల్ రెండు పాయింట్లు, టిప్పరరీ ఒక గోల్ ఆరు పాయింట్లు.